బెజవాడ విమానాల కథ: ఎయిర్ కోస్టా మూడేళ్ల నాలుగు నెలలు

 

సావనీర్ కమిటీ వారు వ్యాసం అడిగినప్పుడు చిన్ననాటి జ్ఞాపకాలు రాద్దామనే అనుకున్నాను. అవి నాకంటే బాగా రాసేవాళ్ళు మన బ్యాచీల్లో చాలామంది ఉన్నారు. అందుకని మన జిల్లాలకు సంబంధించిన ఒక చరిత్రను ఎంచుకున్నాను. ఈమధ్య మన మండలంలో విమానాశ్రయం గురించి మాట వినిపిస్తోంది కాబట్టి ఇది ఇప్పుడు చెప్పుకోవలసిన చరిత్రే అనిపించింది.

మొదలు మాత్రం మన బడి నుంచే. ఒంగోలు నుంచి కొత్తపట్నం వచ్చేటప్పుడు బకింగ్‌హామ్ కాలువ దాటుతాం. మేము చదువుకునే రోజుల్లోనే అందులో సరుకు పడవలు దాదాపు లేవు. మా సోషల్ మాస్టారు ఒకసారి ఆ కాలువ మీద వ్యాసం రాయమన్నారు. కాక్రేన్ దొర 1806లో మద్రాసు దగ్గర తవ్వకం మొదలుపెట్టాడనీ, ఉత్తరాన పెదగంజాం దాకా వచ్చి కొమ్మమూరు కాలువతో కలిసిందనీ, కరువు రోజుల్లో గవర్నరుగా ఉన్న బకింగ్‌హామ్ ప్రభువు పేరు పెట్టారనీ అందరం రాశాం. మాస్టారు పుస్తకాలు తిరిగి ఇచ్చేస్తూ, "ఎవరు తవ్వించారో కాదురా నేనడిగింది. అందులో పడవ నడపడం ఎవరికి గిట్టుబాటయింది, ఎప్పటి నుంచి గిట్టుబాటు కాలేదు, అది రాయండి" అన్నారు. రైలు వచ్చింది, తర్వాత లారీ వచ్చింది, కాలువ పూడిపోయింది. తవ్వినవాళ్ళ పేరు మిగిలింది, నడిపినవాళ్ళ బతుకుతెరువు పోయింది. రవాణా గురించి ఏది చదివినా నాకు ఆయన ప్రశ్నే గుర్తొస్తుంది. మన బెజవాడలో పుట్టి, 2013 నుంచి 2017 దాకా ఎగిరి ఆగిపోయిన ఎయిర్ కోస్టా అనే విమాన సంస్థనూ అదే ప్రశ్నతో చూస్తాను.

తెలుగువారికి విమాన సంస్థ కొత్త కాదు

నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి హైదరాబాదులో 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ స్థాపించారు. డకోటా విమానాలతో బేగంపేట నుంచి మద్రాసు, ఢిల్లీ, బెంగళూరు వైపు నడిపారు. ఒక మహిళను, ప్రేమ్ మాథుర్‌ను, 1947లో పైలట్‌గా తీసుకున్న సంస్థ అదే. అప్పటికి మన దేశంలో ఏ విమాన సంస్థా ఆ పని చేయలేదు. 1953లో కేంద్రం దేశంలోని విమాన సంస్థలను జాతీయం చేసింది. దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్ళు షెడ్యూల్డ్ విమాన సేవల్లో ప్రైవేటు మాట లేదు. 1994లో పాత చట్టం రద్దయ్యాక మళ్ళీ తలుపులు తెరుచుకున్నాయి.

చిన్న ఊళ్ళకు విమానం అనే ఆలోచనకు ఊపు తెచ్చింది 2003లో మొదలైన ఎయిర్ దక్కన్. ఏటీఆర్ విమానాలతో హుబ్బళ్ళి, విజయవాడ వంటి ఊళ్ళను కలిపింది. 2007లో అది కింగ్‌ఫిషర్ చేతికి పోయింది. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషరే నేలకు దిగిపోయింది. దానితో దక్షిణాదిలో చాలా చిన్న రూట్లు ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీలోనే ఎయిర్ కోస్టా పుట్టింది.

గన్నవరం నుంచి

విజయవాడకు చెందిన ఎల్‌ఈపీఎల్ గ్రూప్, అంటే లింగమనేని వారి సంస్థ, దీని యజమాని. వారి ప్రధాన వ్యాపారం స్థిరాస్తి. లింగమనేని రమేష్ ఛైర్మన్. ప్రధాన కార్యాలయం బెజవాడలో పెట్టుకున్నారు, విమానాలకు మూలస్థానం మాత్రం చెన్నై. 2013 అక్టోబరు మధ్యలో రెండు ఎంబ్రాయర్ ఇ-170 విమానాలతో సేవలు మొదలయ్యాయి.

అది మంచి ముహూర్తం కాదు. అంతకు రెండు నెలల ముందే, 2013 ఆగస్టులో, రూపాయి డాలరుకు 68 దాటి పడిపోయింది. చమురు పీపా వంద డాలర్ల పైన ఉంది. విమాన సంస్థ రాబడి రూపాయల్లో, అద్దె, విడిభాగాలు డాలర్లలో. మిర్చి రైతు ఎరువులు పై ధరకు కొని పంటను కింది ధరకు అమ్మినట్టుంటుంది ఆ లెక్క.

అయినా మొదలుపెట్టడానికి ధైర్యమిచ్చిన లెక్క ఒకటి ఉంది. అది విమానం బరువులో, సీట్ల సంఖ్యలో దాగి ఉంది.

ఇ-170 ఎందుకు?

మన దేశంలో విమాన ఇంధనంపై అమ్మకం పన్ను అప్పట్లో రాష్ట్రానికో తీరుగా ఉండేది. తమిళనాడు, కర్ణాటకల్లో 25 శాతం పైమాటే. అయితే 40,000 కిలోల లోపు టేకాఫ్ బరువున్న విమానాలకు షెడ్యూల్డ్ సంస్థలు కొనే ఇంధనంపై తక్కువ పన్నే పడేలా కేంద్ర అమ్మకపు పన్ను చట్టంలో వెసులుబాటు ఉండేది. 80 సీట్ల లోపు విమానాలకు విమానాశ్రయాల్లో ల్యాండింగ్ రుసుము కూడా ఉండేది కాదు. చిన్న ఊళ్ళకు విమానాలు తిరగాలని పెట్టిన నిబంధనలివి.

బ్రెజిల్ దేశపు ఎంబ్రాయర్ కంపెనీ తయారుచేసిన ఇ-170 గరిష్ఠ టేకాఫ్ బరువు, రకాన్ని బట్టి, 36 నుంచి 39 టన్నుల లోపు. ఎయిర్ కోస్టా అందులో 67 సీట్లు వేసింది. అంటే జెట్ విమానం వేగం, చిన్న విమానం పన్ను. వరసకు రెండు పక్కలా రెండేసి సీట్లు, మధ్య సీటు బాధ లేదు. గన్నవరం నుంచి ఒకసారి అందులో బెంగళూరు వెళ్ళాను. పక్కన కూర్చున్న పెద్దాయన తెనాలి రైతు, కొడుకు దగ్గరికి పోతున్నాడు. "రైల్లో అయితే రాత్రంతా పట్టేది బాబూ, కాఫీ చల్లారేలోపు దిగిపోతున్నాం" అన్నాడు. ఆ సంస్థ వల్ల కలిగిన మేలు ఆ ఒక్క మాటలో ఉంది.

ఈ కిటుకును ముందుగా పట్టుకున్నది ఎయిర్ కోస్టా కాదు. చెన్నై నుంచి పారమౌంట్ ఎయిర్‌వేస్ 2005లో ఇదే కుటుంబపు విమానాలతో మొదలై, 2010లో ఆగిపోయింది. ఆ పాఠం కళ్ళముందే ఉంది.

ఎదుగుదల

2014 ఫిబ్రవరిలో సింగపూర్ విమాన ప్రదర్శనలో ఎయిర్ కోస్టా పేరు ప్రపంచానికి తెలిసింది. ఎంబ్రాయర్ కొత్త తరం ఇ-2 విమానాలు 50 కొనడానికి ఒప్పందం కుదిరింది: ఇ-190 రకం 25, ఇ-195 రకం 25. మరో 50 కొనుక్కునే హక్కు కూడా ఉంది. జాబితా ధర ప్రకారం 50 విమానాల విలువ 294 కోట్ల డాలర్లు, అప్పటి రూపాయల్లో సుమారు 18 వేల కోట్లు. మన దేశం నుంచి ఆ రకానికి అదే మొదటి ఆర్డరు. 2018 నుంచి విమానాలు రావాలి. వాటి ఇంజన్‌లో ముందున్న ఫ్యాన్‌కూ, వెనకున్న టర్బైన్‌కూ మధ్య గేర్లు ఉంటాయి. ఫ్యాన్ నెమ్మదిగా, టర్బైన్ వేగంగా, ఏది ఏ వేగంతో తిరిగితే లాభమో ఆ వేగంతో తిరుగుతుంది, ఇంధనం ఆదా అవుతుంది. ఇంజనీరుగా ఆ వార్త చదివి నేను ఆనందించిన మాట నిజం. బెజవాడ కంపెనీ అంత ఆర్డరు ఇవ్వడమా అని ఆశ్చర్యపోయిన మాటా నిజమే.

ఆ ఏడాది జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. రాజధాని గుంటూరు, విజయవాడల మధ్యకు వస్తుందని తేలాక గన్నవరానికి ఒక్కసారిగా రద్దీ పెరిగింది. కేంద్ర విమానయాన మంత్రి పదవి విజయనగరం వాసి అశోక్ గజపతిరాజుకు దక్కింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విమాన ఇంధనంపై వ్యాట్‌ను 16 శాతం నుంచి 1 శాతానికి దించింది. ఎయిర్ కోస్టా పెద్దవైన ఇ-190 విమానాలను, ఒక్కోదానిలో 112 సీట్లతో, అద్దెకు తెచ్చింది. విజయవాడ, విశాఖపట్నం, తిరుపతి, హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, కోయంబత్తూరు దాటి జైపూర్, అహ్మదాబాద్ దాకా వెళ్ళింది. మన గుంటూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి బెంగళూరులో ఉద్యోగాలు చేసే పిల్లలకు అది సొంత బస్సులాగా అలవాటైంది.

చమురు చౌకైనా ఎందుకు ఆగిపోయింది?

ఇక్కడే ఆలోచించవలసిన సంగతి ఉంది. సంస్థ మొదలైనప్పుడు వంద డాలర్లు దాటి ఉన్న చమురు 2014 మధ్య నుంచి పడిపోతూ 2016 జనవరికి 30 డాలర్ల లోపుకు వచ్చింది. విమాన సంస్థ ఖర్చుల్లో ఇంధనానిదే పెద్ద వాటా. అది చౌకైతే బాగుపడాలి. ఎయిర్ కోస్టా ఆ చౌక రోజుల్లోనే చితికింది. నాకు తోచిన కారణాలు నాలుగు.

మొదటిది, ఇంధనం అందరికీ చౌకైంది. 180 సీట్ల ఎయిర్‌బస్‌లు నడిపే పెద్ద సంస్థలు ఆ ఆదాను టికెట్ ధర తగ్గించడానికి వాడాయి. 67 సీట్ల విమానానికైనా, 180 సీట్ల విమానానికైనా పైలట్లు ఇద్దరే. ఆ ఇద్దరి జీతాన్ని 67 మంది మీద పంచడానికీ 180 మంది మీద పంచడానికీ తేడా ఉంది. చమురు ప్రియంగా ఉన్నప్పుడు చిన్న విమానానికున్న పన్ను రాయితీ విలువైనది. చమురు చౌకయ్యేసరికి ఆ రాయితీ విలువా తగ్గింది, పోటీ మాత్రం పెరిగింది.

రెండోది, ఇ-190. దాని టేకాఫ్ బరువు దాదాపు 48 టన్నుల నుంచి మొదలవుతుంది. అంటే 40 టన్నుల గీత దాటేసింది. 112 సీట్లు, అంటే 80 సీట్ల గీతా దాటేసింది. ఏ రెండు వెసులుబాట్లను చూసి వ్యాపారం మొదలుపెట్టారో, పెద్ద విమానంతో ఆ రెండూ పోయాయి. ఆంధ్రలో ఇంధనం పన్ను తగ్గినా, పక్క రాష్ట్రాల్లో నింపుకుంటే పూర్తి పన్ను కట్టాలి. అలాగని 180 సీట్ల విమానంతో సమానమైన చౌకదనమూ రాలేదు. అటు చిన్నదీ కాక, ఇటు పెద్దదీ కాక మధ్యలో నిలిచింది.

మూడోది, కౌలు. మన జిల్లాల వారికి ఇది వివరించనక్కర్లేదు. పంట పండినా ఎండినా కౌలు కట్టాల్సిందే. విమానం అద్దె కూడా అంతే, ఎగిరినా నేల మీద ఉన్నా నెలనెలా డాలర్లలో కట్టాలి. పైగా దగ్గరి ఊళ్ళ మధ్య తిరిగే జెట్‌కు ఇంకో భారం ఉంది. ఇంజన్‌లో తిరిగే డిస్కుల వంటి ముఖ్యభాగాల ఆయుష్షును గంటల్లో కాదు, ఎన్నిసార్లు లేచి దిగింది అనే లెక్కలో కొలుస్తారు. విజయవాడ నుంచి హైదరాబాదుకు గంట లోపు ప్రయాణమైనా, అంతకు మూడింతల దూరం పోయినా ఆయుష్షులో ఒక అంకె తరుగుతుంది. రాబడి మాత్రం దగ్గరి ప్రయాణానికి తక్కువ. అందుకే ఇలాంటి దూరాలకు ప్రొపెల్లర్ ఉన్న ఏటీఆర్ సరిపోతుందని చాలామంది అంటారు. జెట్ వేగం వల్ల కలిసొచ్చేది అంత దగ్గరి దూరంలో పది, పదిహేను నిమిషాలే.

నాలుగోది, అదనపు విమానం లేకపోవడం. వందకు పైగా విమానాలున్న సంస్థకు ఒకటి చెడితే ఇంకొకటి పంపుతుంది. నాలుగైదు విమానాల సంస్థకు ఒకటి ఆగితే రోజు మొత్తం పట్టిక చెదిరిపోతుంది. మిర్చికి ధర లేకపోతే గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగొచ్చు. విమానం సీటు మిర్చి లాంటిది కాదు, మన ఒడ్డున దిగిన చేప లాంటిది. ఆ పూట అమ్ముడుపోకపోతే దానికి విలువ లేదు.

వీటన్నిటి పైన పెట్టుబడి కొరత. స్థిరాస్తి వ్యాపారంలో డబ్బు భూమిలో ఇరుక్కుని ఏళ్ళ తర్వాత చేతికొస్తుంది. విమానానికి ప్రతి ఉదయం డబ్బు కావాలి. ఈ రెండింటి స్వభావం కలవదు.

చివరి నెలలు

2016 ఆగస్టులో విమానాలు అద్దెకిచ్చిన సంస్థతో చెల్లింపుల వివాదం వచ్చి సర్వీసులు ఒకసారి నిలిచాయి, మళ్ళీ మొదలయ్యాయి. అదే ఏడాది ప్రాంతీయ హోదా నుంచి దేశమంతా తిరిగే అనుమతి వైపు సంస్థ అడుగులు వేసింది. కొత్త పెట్టుబడిదారు కోసం వెతికారు. దొరకలేదు. 2017 జనవరిలో గన్నవరంలో కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. ఫిబ్రవరి 28న ఎయిర్ కోస్టా విమానాలు ఆగిపోయాయి. తాత్కాలికమే అన్నారు. జీతాలు అందక ఉద్యోగులు ఒక్కొక్కరుగా వెళ్ళిపోయారు. జూన్‌లో పౌర విమానయాన డైరెక్టరేట్ అనుమతిని నిలిపివేసింది. సింగపూర్‌లో చెప్పిన 50 విమానాల్లో ఒక్కటీ రాలేదు.

ఇందులో విధి విలాసం ఒకటుంది. ఆ సంస్థ ఆగిన రెండు నెలలకే, 2017 ఏప్రిల్ 27న, కేంద్రం ఉడాన్ పథకం కింద మొదటి విమానాలను ప్రారంభించింది. గంట ప్రయాణానికి 2,500 రూపాయల టికెట్, సంస్థకు కలిగే లోటుకు మూడేళ్ళపాటు సాయం, ఆ రూటులో మూడేళ్ళు పోటీ లేకుండా రక్షణ. ఆరోజు ఎగిరిన వాటిలో కడప, హైదరాబాద్ మధ్య విమానం ఒకటి. దాన్ని నడిపింది మరో తెలుగు సంస్థ, 2015 జూలైలో హైదరాబాదులో మొదలైన ట్రూజెట్. అది ఏటీఆర్ విమానాలనే ఎంచుకుంది, చిన్న ఊళ్ళనే నమ్ముకుంది, ఉడాన్ సాయమూ పొందింది. కానీ కరోనా కాలంలో ప్రయాణికులు పోయి, డబ్బు కరువై, 2022 ఫిబ్రవరిలో అదీ ఆగిపోయింది. సరైన విమానాన్ని ఎంచుకున్నా, ప్రభుత్వ సాయమున్నా, కష్టకాలం దాటడానికి చేతిలో నిల్వ లేకపోతే నిలబడడం కష్టమని ట్రూజెట్ చూపించింది.

మన ఊరికి ఏమిటి సంబంధం?

ఒంగోలు విమానాశ్రయం కోసం మన కొత్తపట్నం మండలంలో భూములు పరిశీలించారు. దానివల్ల మన పిల్లలకు మేలు కలిగితే అందరికంటే సంతోషించేవాళ్ళలో నేనొకణ్ణి. మన తోటి పూర్వ విద్యార్థుల్లో కొందరి పొలాలు, సరుగుడు తోటలు ఆ పరిధిలోకి రావచ్చు. కాబట్టి ఇది వాళ్ళకు ఊరికే చెప్పుకునే కబురు కాదు.

రన్‌వే ఉంటే విమానం దానంతటదే వస్తుందని అనుకోకూడదు. మన జిల్లాలోనే దొనకొండలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాశ్రయ స్థలం ఉంది. దశాబ్దాలుగా అక్కడ ప్రయాణికుల విమానం దిగలేదు. తవ్వినంత మాత్రాన కాలువలో పడవ నడవదు.

అందుకే మన సంఘం సభ్యులు, అటు అనుకూలంగా ఉన్నవారైనా, ఇటు వ్యతిరేకంగా ఉన్నవారైనా, అధికారులు ఊళ్ళోకి వచ్చినప్పుడు కొన్ని ప్రశ్నలు తప్పకుండా అడగాలని నా మనవి. ఇక్కడి నుంచి రోజూ ఎందరు, ఏ ఊరికి ప్రయాణం చేస్తారని లెక్క వేశారు? గన్నవరం, తిరుపతి విమానాశ్రయాలకు రోడ్డు మీద వెళ్ళగలిగినవారు ఇక్కడికే ఎందుకు వస్తారు? ఏ రకం విమానాన్ని దృష్టిలో పెట్టుకుని రన్‌వే పొడవు నిర్ణయించారు? ప్రభుత్వ సాయం అయిపోయిన నాలుగో ఏట సంస్థ నిలుస్తుందా? మన రొయ్యలు విమానంలో పంపాలంటే చల్లని గిడ్డంగి ఎవరు కడతారు? భూమి ఇచ్చినవారి పిల్లలకు అక్కడ ఏ ఉద్యోగాలు, వాటికి ఏ చదువు కావాలి? ఈ ప్రశ్నలకు జవాబు దొరికితే విమానాశ్రయం నిలుస్తుంది. దొరకకపోతే ఆ భూమిలో ఏ పంటా ఉండదు, ఏ విమానమూ ఉండదు.

ఎయిర్ కోస్టాను తప్పుపట్టడానికి ఇదంతా రాయలేదు. బెజవాడలో కూర్చుని విమాన సంస్థ పెట్టాలన్న ధైర్యం చిన్నది కాదు. దాంట్లో పనిచేసిన మన ప్రాంతపు పిల్లలు తర్వాత వేరే సంస్థల్లో స్థిరపడ్డారని విన్నాను. నేర్చుకున్న పని వృథా పోలేదు. ఎగిరిన మూడేళ్ళ నాలుగు నెలల్లో గన్నవరం నుంచి జెట్ విమానానికి జనం ఉన్నారని ఆ సంస్థ నిరూపించింది. ఆ జనాన్ని తర్వాత పెద్ద సంస్థలు ఎక్కించుకున్నాయి. దారి వేసినవాడికి గిట్టుబాటు కాకపోవడం, వెనక వచ్చినవాడికి కావడం మన వ్యవసాయంలోనూ చూస్తూనే ఉన్నాం.

ఈ సావనీరు చదివే తొమ్మిది, పది తరగతుల పిల్లలెవరైనా ఉంటే వారికి ఒక మాట. విమానం ఎలా ఎగురుతుందో సైన్సు పుస్తకంలో ఉంది, శ్రద్ధగా చదవండి. అది రేపు కూడా ఎగరాలంటే ఏం కావాలో లెక్కల పుస్తకంలో, సోషల్ పుస్తకంలో ఉంది, అవీ వదలకండి. నాకు ఆ రెండోది నేర్పిన మా మాస్టారికి ఈ వ్యాసం వినయంగా సమర్పిస్తున్నాను. ఈసారైనా ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు రాశాననే అనుకుంటున్నాను.